పశువుల డాక్టరమ్మ పొడుగుకారు

ఫిబ్రవరి 3

వదినా,

ఇక్కడ అందరం బాగున్నాం, కారు ఒక్కటే బాగాలేదు. నిన్న సాయంత్రం బ్రిడ్జి ఎక్కుతుండగా సరిగ్గా మధ్యలో ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. వెనక లారీ డ్రైవరు దిగొచ్చాడు. తిట్టడానికే వచ్చాడు కానీ దాని వాలకం చూసి నోరు మూసుకుని, పాపం, తోశాడు. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మళ్ళీ మెల్లగా దించి, "ఎన్నేళ్ళుగా ఉందమ్మా మీ దగ్గర?" అని పరామర్శకొచ్చిన చుట్టంలా అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సరే, అసలు సంగతి ఇది, కూర్చుని చదువు. జిల్లాలో ఉన్న బడులన్నిటి పియానోలూ శ్రుతి చేసే పని నాకే ఇచ్చారు! ముగ్గురం పోటీపడ్డాం. ఒకళ్ళింట్లో పియానో శ్రుతి చేస్తుండగా బడుల పెద్ద మేనేజరు ఫోన్ చేసి చెప్తుంటే, చేతిలో ఉన్న తీగలు బిగించే తాళం కింద పడేసి అక్కడే గెంతాను. ఆ ఇంటివాళ్ళు పియానో విరిగిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఇన్నేళ్ళూ ఇల్లిల్లూ తిరిగి, ఎవరు పిలుస్తారా అని ఎదురుచూసిన బతుకు వదినా. ఇకమీద ఏడాది పొడుగునా పని. ఏప్రిల్ ఒకటిన మొదలు.

చిక్కల్లా ఒక్కటే. ఆ బడులన్నీ తలా ఒక మూల ఉన్నాయి, బస్సులు కుదరవు. రోజూ అంతదూరం పోయిరాగల కారైనా ఉండాలి, లేదా అక్కడే మధ్యలో ఏదో ఊళ్ళో గది అద్దెకి తీసుకుని శని ఆదివారాలు మాత్రం ఇంటికి రావాలి. మా ఆయనకి బేకరీలో రాత్రి డ్యూటీ. నేను కూడా లేకపోతే కవలలిద్దరూ రాత్రిళ్ళు మా అత్తగారి మీద పడతారు. ఆవిడ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. "నేను చూసుకుంటాలేవే, నువ్వెళ్ళు" అన్నారు. అని అటు తిరిగి ముక్కు చీదుకున్నారు. ఉన్నమాట చెప్తున్నాను, పిల్లల్ని వదిలేసి వారానికి అయిదు రాత్రులు అద్దెగదిలో పడుకోవడం నావల్ల కాదు. మంచి కారు దొరక్కపోతే ఈ పనే వదులుకుంటాను.

కొత్తది కొనే స్తోమత లేదు. వాడిన కారే చూడాలి. పియానో రిపేరుంటే లోపలి సుత్తుల వరస మొత్తం ఊడదీసి ఇంటికి తెచ్చుకోవాలి, అది పిల్లల మంచమంత పొడుగుంటుంది, వంచకుండా పడుకోబెట్టాలి. మా అత్తగారు ఎత్తు బండి ఎక్కలేరు, మరీ కిందకుంటే లేవలేరు. కవలలు వెనక సీట్లో కొట్టుకోవడానికి మధ్యలో జాగా కావాలి. రోజంతా తీగల మోత విన్న చెవులకి దారిలో ఇంజన్ గోల ఉండకూడదు. ఇదంతా విని పెట్రోలు బంకులో ఒకాయన, "మీక్కావలసింది ఎస్టేట్ కారమ్మా" అన్నాడు. ముందంతా మామూలు కారే, వెనక మాత్రం పైకప్పు చివరిదాకా సాగి ఒక చిన్న సామాను గదంత జాగా ఉంటుందట. కవలలు దానికి అప్పుడే పొడుగుకారని పేరు పెట్టేశారు.

డ్రైవింగ్ నేర్పే పంతులమ్మవి నువ్వుండగా నేనెవర్ని అడగాలి? ఎలా ఎంచుకోవాలో చెప్పు. అన్నయ్యకి మాత్రం చెప్పకు. తెలిస్తే చెక్కుబుక్కు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు. పుట్టింటి నుంచి గుండుసూది కూడా తీసుకోనని పెళ్ళినాడే చెప్పాను, ఆ మాట మీదే ఉన్నాను. ఫోన్ కూడా చెయ్యకు. నువ్వు ఫోన్ ఎత్తితే ఆయన చెవి కూడా దానికే అతుక్కుని ఉంటుంది.

నీ మరదలు


ఫిబ్రవరి 9

మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదివి వంటింట్లో నేనూ గెంతాను. పైవాటా వాళ్ళు కిందకి రాలేదు, అలవాటైపోయింది వాళ్ళకి. నాకు చాలా సంతోషంగా ఉందే. పనిని వదులుకుంటానన్న మాట ఇంకోసారి రాశావంటే ఉత్తరం చింపేస్తాను.

ఇక పాఠం. మూడోసారికి పరీక్ష పాసైన ఘనురాలివి నువ్వు, కాబట్టి నిదానంగా చెప్తాను. మీటర్లో అంకె పెద్దదని భయపడకు. ఊళ్ళో సందుల్లో ఆగుతూ సాగుతూ తిరిగిన చిన్న అంకె కంటే, పెద్దరోడ్డు మీద హాయిగా పరిగెత్తిన పెద్ద అంకే మేలు. నువ్వు తిరిగే దూరానికి డీజిలే మంచిది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళు. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగా ఉందంటే నువ్వొచ్చేలోపే స్టార్ట్ చేసి ఏదో దాచాడన్నమాట. పెడల్ మీద రబ్బరు చూడు. మీటర్ అబద్ధం చెప్తుంది కానీ పెడల్ చెప్పదు. నాలుగు టైర్లూ ఒకే రకంగా అరిగాయా, కింద తుప్పుందా, ఇంజన్ బెల్టు ఎప్పుడు మార్చారు, అన్నీ అడుగు. అడగడానికి మొహమాటపడితే నా శిష్యురాలివే కాదు. ముందు సీట్లో మీ అత్తగారిని కూర్చోబెట్టి దిగమను. పేపర్లో "కొత్తదానిలా ఉంది" అని రాసేవాడి జోలికి పోకు. చాలా దూరాలు తిరిగింది, ఒక్కరి చేతిలోనే ఉంది అని ఉన్నమాట రాసేవాళ్ళ గడప తొక్కు.

మీ అన్నయ్య కవరు చూసి "ఏం రాసింది?" అన్నారు. "ఆడవాళ్ళ గొడవలు" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఒక్కటే వింత. నిన్న అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి, "రోజూ బోలెడు దూరం తిరిగేవాళ్ళకి ఎలాంటి పాత కారు మంచిదోయ్?" అన్నారు. సైకిలు తప్ప ఏదీ తొక్కడం రాని మనిషి! డ్రైవింగ్ పంతులమ్మ మొగుడై ఉండి స్టీరింగ్ ముట్టని వాడు లోకంలో ఇంకొకడు ఉండడు. తన కళ్ళద్దాల కొట్టుకొచ్చిన ఎవరో అడిగారట. నన్నొకరు అడగాలే గానీ ఆగుతానా? నీకు చెప్పిన పాఠమంతా ఆయనకీ చెప్పాను. బుద్ధిగా విన్నారు. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నా మాట అంత శ్రద్ధగా వినడం ఇదే మొదలు.

అన్నయ్యగారినీ అత్తగారినీ అడిగానని చెప్పు. కవలల చెవులు రెండేసి సార్లు మెలిపెట్టు.

మీ వదిన


ఫిబ్రవరి 19

వదినా,

నీ పాఠం ఒంటబట్టింది. మూడు కార్లు చూశాను.

మొదటివాడి బానెట్ మీద చెయ్యి పెట్టి చుర్రుమని తీసేశాను. "ఇప్పుడే పాలకెళ్ళొచ్చానమ్మా" అన్నాడు. పాలకొట్టు వాళ్ళ గుమ్మానికి ఎదురుగానే ఉంది. రెండోవాడి మీటర్లో అంకె చూస్తే నిన్న కొన్నట్టుంది, బ్రేకు పెడల్ మీద రబ్బరు చూస్తే నున్నగా గుండు. "ఇదేంటండీ?" అంటే "మా ఆవిడ కాలు కాస్త బరువు" అన్నాడు. ఆ మహాతల్లి కిటికీలోంచి వింటోంది. నేను గేటు దాటేసరికి లోపల మొదలైంది.

మూడోది చెప్తాను విను. ధర కాక పేపర్లో ప్రకటన ఇలా ఉంది: "ఎస్టేట్ కారు. డీజిల్. రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంకా తిరుగుతుంది. సోమరులు రావద్దు." చదవగానే నీ గొంతు వినపడింది నాకు. ఆవిడ పశువుల డాక్టరమ్మ. బతుకంతా ఆ కార్లోనే పశువుల కొట్టాలకి తిరిగింది. ఇప్పుడు పని మానేసి కుర్చీలో కూర్చుంది, ఆ కూర్చోవడం ఆవిడకి బొత్తిగా నచ్చలేదు. కారు మట్టిరంగు. వెనక తలుపు మీద ఏదో దూడ తన్నిన సొట్ట. లోపలంతా ఎండుగడ్డి, మందుల వాసన. చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకి లేచింది వదినా! నడుపుతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా ఒక ఈల వినిపించి, "ఇక్కడేదో పాడుతోందండీ" అన్నాను. డాక్టరమ్మ నాకేసి ఎగాదిగా చూసి, "బేరింగు. మార్పించి ఇస్తాను. దాన్ని విన్న మొదటి మనిషివి నువ్వే" అంది. వెనక సీట్లు మడిచి టేపుతో కొలిచాను. సుత్తుల వరస పడుకున్నాక ఇంకా జానెడు మిగులుతుంది. ఇదే నా కారు అనుకున్నాను. మనసు పారేసుకున్నాను, ఇంతే సంగతులు.

కానీ ఆవిడ మామూలు మనిషి కాదు. ధర మాట ఎత్తితే విసుక్కుంది. "ధర పేపర్లో ఉంది. ఎవరికివ్వాలో నేను తేల్చుకుంటాను. షెడ్డులో పెట్టి దుమ్ము దులుపుకునేవాళ్ళకి ఇవ్వను, దీనికి పని కావాలి" అంది. నాకంటే ముందే ఎవడో పెద్దమనిషి వచ్చి చూసి వెళ్ళాడట. ఈ ఆదివారం అతను, పై ఆదివారం నేను వెళ్ళి, ఎందుకు కావాలో విడమర్చి చెప్పుకోవాలి. ఉద్యోగానికి కూడా ఇంత పరీక్ష పెట్టలేదు. ఆ రెండోవాణ్ణి తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఏం చెప్పమంటావు? నాకు గొప్పలు చెప్పుకోవడం రాదు.

నీ మరదలు


ఫిబ్రవరి 26

మరదలు పిల్లా,

ముందు నా సంగతి, తర్వాత నీది. ఆగలేకపోతున్నాను. మీ అన్నయ్య నాకు కారు కొంటున్నారు!

నవ్వకు, ఆధారాలున్నాయి. వరసగా రెండు ఆదివారాలు "లెన్సుల వాళ్ళని కలవాలి" అని బస్సెక్కి వెళ్ళారు. ఆదివారం లెన్సులెవరు అమ్ముతారే? చొక్కా జేబులో పాత కార్ల ప్రకటనల ముక్కలు. మొన్న పొద్దున్నే లేచి చూస్తే ఇంటి పక్క ఖాళీ జాగాని టేపుతో కొలుస్తున్నారు. "ఏంటండీ?" అంటే "పూలకుండీలు" అన్నారు. అంత పొడుగు పూలకుండీలో ఏం పెంచుతారో! ఆయనకా డ్రైవింగ్ రాదు. మరి ఇంట్లో నడపడం వచ్చింది ఎవరికి? ఇన్నేళ్ళుగా ఆ డ్రైవింగ్ స్కూలు కారు తోలుతున్నాను, అందరూ అందులో గేర్లు విరిచేవాళ్ళే. ఆదివారం కూడా దాన్నే తుడుచుకుంటాను. మనిషి చూసీ చూడనట్టుంటారు గానీ అన్నీ చూస్తారన్నమాట. ఏమీ తెలియనట్టే తిరుగుతున్నాను. అద్దం ముందు నిలబడి "అయ్యో, నాకా!" అని ఆశ్చర్యపోవడం కూడా నేర్చుకుంటున్నాను. నాలుగోసారికి బాగా కుదిరింది. చాలా సంతోషంగా ఉన్నానే, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

ఇక నీ డాక్టరమ్మ. అలాంటి మనిషి దగ్గర తెలివితేటలు పనికిరావు, గొప్పలు అసలే పనికిరావు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. బడుల సంగతి, సుత్తుల వరస సంగతి, మీ అత్తగారి మోకాళ్ళు, కవలలు, అన్నయ్యగారి రాత్రి డ్యూటీ, అద్దెగది, ఒక్కటీ వదలకు. ఇంత నిజమైన కథ ఆ రెండోవాడి దగ్గర ఎక్కడుంటుంది? కారుని గోడవారగా పెట్టి గుడ్డ కప్పి ఉంచే రకం అయుంటాడు. ధైర్యంగా వెళ్ళు.

మీ వదిన


మార్చి 6

వదినా,

నన్ను గెంటేసింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. కుర్చీ చివర కూర్చుని మొత్తం చెప్పాను. పియానోలు అన్నాను, ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. కవలలన్నాను, పెదవి బిగించింది. అత్తగారి మోకాళ్ళు అనేసరికి లేచి నిలబడింది. "ఆపు! పోయిన ఆదివారం ఆ పెద్దమనిషి ఇదే కథ చెప్పాడు. పియానోలు శ్రుతి చేసే చెల్లెలట, కవలలట, అత్తగారి మోకాళ్ళట, ఆఖరికి బేకరీ కూడాను! ఇద్దరిలో ఎవరు ఎవరి దగ్గర కాపీ కొట్టారో నాకనవసరం. చెప్తూ చెప్తూ అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, నువ్వు అది కూడా చెయ్యలేదు. ఇద్దరికీ లేదు, పో" అంది. అతనికి కూడా ఫోన్ చేసి అప్పుడే లేదని చెప్పేసింది, నేను వింటుండగానే.

ఎవడు వదినా వాడు? నా అత్తగారి మోకాళ్ళతో వాడికేం పని? ఉద్యోగానికి నాతో పోటీకొచ్చి ఓడిపోయిన ఇద్దరిలో ఒకడే అయుండాలి. వాకబు చేసి, నా సంసారమంతా కూపీ లాగి, ఆవిడ ముందు ఒలకబోశాడు. ఎంత మాయలమారో చూడు, మాటల్లో పెట్టి ఆవిడ కళ్ళద్దాలు తీయించి, తుడిచి, వదులైన మర కూడా బిగించి ఇచ్చాట్ట! "ఇప్పుడు జారడంలేదు, అంతవరకూ మంచివాడే" అని ఆవిడే చెప్పింది. అలాంటి దొంగవేషాలు నాకు చేతకావు.

మా ఆయన డ్యూటీకి వెళ్ళేముందు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. మా అత్తగారు నేను చూడకుండా నా సంచీలో దుప్పటి, చెంబు సర్దుతున్నారు. పని వదులుకోవద్దని ఆవిడ పంతం. పెద్ద కవల వచ్చి, "అమ్మా, నువ్వు అక్కడున్నప్పుడు మాకు జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి?" అంది. నానమ్మకి చెప్పాలి తల్లీ అన్నాను. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంకెన్ని కార్లు చూసినా అలాంటిది దొరకదు. ఈ నెల పదిహేనుకల్లా గది సంగతి తేల్చి బడులవాళ్ళకి చెప్పాలి.

నీ కారు వచ్చిందా? ఒకళ్ళకైనా వస్తే చాలు. దాని రంగేమిటో రాయి.

నీ మరదలు


మార్చి 10

మరదలా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. తెచ్చినవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి, చివరిదాకా చదివి, అప్పుడు లోపలికి రానియ్యి. మంచినీళ్ళు కూడా ఇవ్వకు.

కళ్ళద్దాల మర బిగించాడు అన్న మాట దగ్గర నా చేతిలో కాఫీ మొత్తం ఒలికింది. లోకంలో ఎవరింటికెళ్ళినా, పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా, ఎదుటివాళ్ళ కళ్ళద్దాలు లాక్కుని మర బిగించే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయనతో నువ్వు చిన్నతనమంతా పెరిగావు, నేను పదహారేళ్ళుగా కాపరం చేస్తున్నాను. నీ బుర్రకి తట్టలేదు, నా బుర్రకి రెండు వారాలు తట్టలేదు. మనిద్దరం ఒకరికొకరం సరిపోయాం.

నేనేమీ చెప్పలేదే, ఒట్టు. కవలలు. వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియదూ? మావయ్యకి ఫోన్ చేసి "అమ్మకి పొడుగుకారు కావాలి, నువ్వు మాత్రం కొనకూడదు" అని చెప్పారట. కొనకూడదన్నాక ఆయన ఆగుతారా? నీకు తెలియకుండా కొనేసి, మా ఇంటి పక్క జాగాలో దాచి, నీ పని మొదలయ్యే రోజున పంపిద్దామనుకున్నారు. నన్ను పాఠం అడిగారు, చెప్పాను. నువ్వు అడిగావు, అదే పాఠం చెప్పాను. ఒకే పంతులమ్మ పిల్లలిద్దరూ ఒకే కారు దగ్గర తేలారు. ఇందులో ఆశ్చర్యమేముంది, నేను బాగా చెప్తానని తెలుస్తోంది అంతే.

కోపం రాలేదని చెప్పను. ఒక పూటంతా ఆయనతో మాట్లాడలేదు. కారు కోసం కాదు. ఎవరో నాకోసం రహస్యంగా ఏదో చేస్తున్నారనుకుని తిరిగిన ఆ రోజులు ఎంత బాగున్నాయో నీకు తెలియదు. అవి పోయాయని బాధ. సాయంత్రం ఆయన వచ్చి, "పూలకుండీలు నిజంగానే కొందామా?" అని బిక్కమొహంతో అడిగారు. అంతే, నవ్వొచ్చేసింది, ఇక కోపం నిలవలేదు.

ఇప్పుడు తీర్పు. కారు నీ డబ్బుతోనే కొనుక్కో. మీ అన్నయ్య ఒక్క పైసా ఇవ్వరు, ప్రమాణం చేయించాను. కానీ టైర్లు ఆయన వేయిస్తారు, నువ్వు నోరెత్తకూడదు. గుండుసూది తీసుకోనన్నావు, టైరు గుండుసూది కాదు. ఆయనకున్నది నువ్వొక్కత్తివే చెల్లెలివి, ఆ మాత్రం చెయ్యనియ్యి. ఇద్దరూ కలిసి ఇవాళే ఆ డాక్టరమ్మ కాళ్ళ మీద పడండి. ఫోన్ చెయ్యకండి, ఈయన చేసి చూశారు, ఎత్తదు.

చదవడం అయిందా? ఇప్పుడు మంచినీళ్ళివ్వు. పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కుతున్నారు.

మీ వదిన


మార్చి 14

వదినా,

మంచినీళ్ళిచ్చాను. అన్నం కూడా పెట్టాను. తిట్లు కూడా పెట్టాను. అన్నీ తిన్నాడు.

తలుపు తీసి ఇద్దర్నీ చూసి డాక్టరమ్మ, "ఓహో, దొంగలిద్దరూ కలిసే వచ్చారా!" అంది. అన్నయ్య నెమ్మదిగా, "అమ్మా, ఈవిడ నా చెల్లెలు" అని మొదలుపెట్టాడు. "మరి ఆ రోజు పేరూ ఊరూ చెప్పి ఏడవచ్చుగా!" అన్నాను నేను ఆగలేక. "నువ్వాగవే." "నువ్వాగు. నీ వల్లే ఇదంతా." "నేను కొనిస్తే తీసుకుని ఉంటే ఈ గొడవే లేదు." "నీ సొమ్ము నాకెందుకు?" "చిన్నప్పుడు నా జేబులో చిల్లర కొట్టేసినప్పుడు లేదేం ఈ పౌరుషం?" "నా మౌతార్గాన్ నీళ్ళతొట్టిలో పడేసిందెవరు?" "శ్రుతి తప్పింది, కడగమని నువ్వే అన్నావు!" ఇలా ఆవిడ గుమ్మంలో, వీధంతా వింటుండగా, ఎంతసేపు అరుచుకున్నామో తెలియదు. కారు సంగతే మరిచిపోయాం.

చూస్తే డాక్టరమ్మ మెట్టు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, "నేను బతుకంతా పశువుల్నే చూశానమ్మా. ఒక ఈతలో పుట్టిన కుక్కపిల్లలు ఒకదాన్నొకటి ఎలా కరుచుకుంటాయో నాకు తెలుసు. మీరిద్దరూ ఒక ఈతవాళ్ళే, ఇంక సాక్ష్యం అక్కర్లేదు" అంది. లోపలికెళ్ళి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్ళీ వెనక్కి లాక్కుంది. "వారానికి ఎన్ని ఊళ్ళు తిరుగుతుంది?" అని అడిగింది. అన్నీ చెప్పాను. "మధ్యాహ్నాలు ఎండలో నిలబెట్టకు" అని చెప్పి మళ్ళీ ఇచ్చింది. ఆవిడ్ని గట్టిగా పట్టుకున్నాను. బేరింగు అప్పటికే మార్పించి పెట్టి ఉంది. ఇద్దరికీ లేదన్న మనిషి ఎందుకు మార్పించిందో నేను అడగలేదు.

టైర్లు అన్నయ్యే వేయించాడు. నోరెత్తలేదు, నువ్వు గెలిచావు. అన్నయ్య టైరుటైరునీ చేత్తో నిమురుతుంటే, ఇన్నేళ్ళూ వద్దు వద్దని నేనేం గొప్ప చేశానా అనిపించింది. ఇంటికొస్తుంటే పక్కసీట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా అన్ని మీటలూ నొక్కాడు. దారిలో, "మీ వదిన దగ్గర నేర్చుకోవాలని నాకెప్పట్నుంచో ఉందే, కానీ క్లాసులో ఆవిడ గొంతు వింటే భయం" అన్నాడు. ఈ మాట నేను రాసినట్టు చెప్పకు.

నీ మరదలు


మార్చి 28

మరదలు పిల్లా,

చెప్పకుండా ఎలా ఉంటాను? నీ ఉత్తరం చదివిన మర్నాడే స్కూలు కారు ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. బయటికొచ్చారు. డ్రైవరు సీటు ఖాళీ చేసి పక్కకి జరిగాను. ఆ మొహం నువ్వు చూడాల్సింది.

మొదటిరోజు క్లచ్ అంటే చెయ్యి పైకెత్తారు. రెండోరోజు మా గేటుని గుద్దారు. మూడోరోజు వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఎవర్నీ చంపకుండా వచ్చారు. నేను ఒక్కసారి కూడా అరవలేదు, నాలుక కొరుక్కున్నాను, ఇంకా మంటగా ఉంది. ఊళ్ళో ఎంతమందికో నేర్పాను గానీ పక్కసీట్లో ఇంత ఆనందంగా ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు ఆదివారాలు లెన్సులవాళ్ళ దగ్గరికెవరూ వెళ్ళడంలేదు. ఇద్దరం ఊరి బయటిదాకా పోయివస్తున్నాం, మనిషి నడిచేంత వేగంతో. వెనక వాళ్ళందరూ హారన్లు కొడతారు, ఆయన అందరికీ చెయ్యి ఊపుతారు, పలకరిస్తున్నారనుకుని.

మొదటిరోజు ఎలా గడిచిందో తప్పకుండా రాయి. ఆ రోజంతా నాకు క్లాసులో మనసు నిలవదు.

మీ వదిన


ఏప్రిల్ 2

వదినా,

నిన్న మొదటిరోజు అయింది.

పొద్దున్న అందరూ గుమ్మంలోకి వచ్చి సాగనంపారు. మా ఆయన డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, చేతులకి పిండితోనే, అద్దం తుడిచారు. మా అత్తగారు ముందు సీట్లో ఒకసారి కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి చూపించారు. కారు మెత్తగా, చప్పుడు చెయ్యకుండా పోతుంటే పొలాలు, మిల్లులు, ఊళ్ళు వచ్చి వెళ్ళాయి. మూడు బడులయ్యాయి. ఒకదాంట్లో పియానో లోపల పిల్లలు దాచిన పెన్సిళ్ళు పిడికెడు దొరికాయి. ఇంకోదాంట్లో సుత్తులు బాగా దెబ్బతిన్నాయి, వరస మొత్తం వెనక పడుకోబెట్టుకుని బయల్దేరాను.

తిరిగొస్తున్నంతసేపూ ఒకటే ఊహ. కవలలు గేటు దగ్గర నిలబడి ఉంటారు, కారు కనపడగానే అరుస్తూ పరిగెత్తుకొస్తారు, నేను దిగకముందే మీద పడతారు. ఇంత గొడవపడి సాధించుకున్నానా, ఆ మాత్రం ఉండాలి కదా! వీధి మలుపులో హారన్ కూడా కొట్టాను.

గేటు దగ్గర ఎవరూ లేరు. గుమ్మంలోనూ లేరు. మనసు చివుక్కుమంది వదినా, దాచను. లోపలికెళ్ళాను. మా అత్తగారు టీవీలో వాతావరణం చూస్తున్నారు. మా ఆయన వంటింట్లోంచి, "ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావు?" అని అరిచారు. చిన్న కవల నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేస్తోంది. వచ్చావా అని ఒక్కరూ అనలేదు. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు. నేను రానేమో అన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే ఎవరూ ఎదురుచూడలేదు.

పెద్ద కవల లెక్కలు చేసుకుంటోంది. పుస్తకంలోంచి తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం నావైపు చాచి, "అమ్మా, ఆ రబ్బరు ఇటియ్యి" అంది.

ఇచ్చాను.

నీ మరదలు